రెండు వెలుగులు, రెండు కారణాలు: న్యూట్రాన్ నక్షత్రాల ఎక్స్ కిరణ పేలుడు – ఆవిష్కరణ చరిత్ర (1969–1978)

వ్యాససంగ్రహం

జంట నక్షత్రాల వ్యవస్థలో ఉన్న న్యూట్రాన్ నక్షత్రం ఎక్స్ కిరణాలలో హఠాత్తుగా వెలుగు పెంచుకోవడం 1969లోనే పరికరాలలో నమోదైంది. అయితే అది ఒక ప్రత్యేకమైన ఖగోళ ఘటనగా గుర్తింపు పొందింది 1975 తర్వాతనే. కారణాన్ని బట్టి దాని వర్గీకరణ స్థిరపడింది 1978లో. నమోదుకూ గుర్తింపుకూ మధ్య ఈ వ్యవధి ఎందుకు ఏర్పడిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరికరాల పరిమితితో పాటు, భిన్న కారణాలు గల రెండు ఘటనలను ఒకే కోవలో చేర్చి చూడడం కూడా ఇందుకు దోహదం చేసిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ అనుభవం నుంచి తెలుగు శాస్త్ర పరిభాష గ్రహించదగిన అంశాన్ని చివర చర్చిస్తుంది.

కీలక పదాలు: న్యూట్రాన్ నక్షత్రం, జంట నక్షత్రాలు, ఎక్స్ కిరణ ఖగోళశాస్త్రం, వేలా ఉపగ్రహాలు, సెన్ ఎక్స్-4, పారిభాషిక పదాలు.

1. ఉపోద్ఘాతం

గ్రంథాలయంలో ఒక తాళపత్ర ప్రతి ఏళ్ల తరబడి వేరే గ్రంథం పేరుతో పట్టికలో ఉండిపోవడం సాహిత్య పరిశోధకులకు కొత్త విషయం కాదు. ప్రతి అక్కడే ఉంటుంది. దాన్ని చూసినవారూ ఉంటారు. కానీ అది ఏ గ్రంథమో గుర్తుపట్టేవరకు సాహిత్య చరిత్రలో దానికి స్థానం ఉండదు. ఖగోళశాస్త్రంలోనూ ఇటువంటి సందర్భాలున్నాయి. న్యూట్రాన్ నక్షత్రాలపై జరిగే ఎక్స్ కిరణ పేలుడు చరిత్ర అందులో ఒకటి.

సూర్యుడి కంటే చాలా ఎక్కువ ద్రవ్యరాశితో పుట్టిన నక్షత్రం తన ఇంధనాన్ని ఖర్చు చేసుకుని సూపర్నోవాగా పేలినప్పుడు, దాని గర్భభాగం కుంచించుకుపోయి న్యూట్రాన్ నక్షత్రంగా మిగలవచ్చు. సూర్యుడి కంటే కొంత ఎక్కువ ద్రవ్యరాశి, ఇంచుమించు పది పన్నెండు కిలోమీటర్ల వ్యాసార్ధం గల గోళంలో ఇమిడి ఉంటుంది. ఇటువంటి నక్షత్రానికి మరో మామూలు నక్షత్రం జంటగా ఉన్నప్పుడు, ఆ జంట నక్షత్రపు వాయువు న్యూట్రాన్ నక్షత్రం వైపు ప్రవహిస్తుంది. నేరుగా పడిపోకుండా దాని చుట్టూ చక్రంలా తిరుగుతూ, క్రమంగా లోపలికి జారి ఉపరితలాన్ని చేరుతుంది. ఆ పతనంలో విడుదలయ్యే శక్తి వాయువును కోట్ల డిగ్రీలకు వేడెక్కించి ఎక్స్ కిరణాల రూపంలో బయటపడుతుంది.

ఈ వ్యవస్థలు ఉన్నట్టుండి వెలుగు పెంచుకోవడానికి ముఖ్యంగా రెండు కారణాలున్నాయి. చక్రంలో నెలల తరబడి, ఏళ్ల తరబడి పేరుకున్న వాయువు ఒక దశలో అస్థిరమై పెద్ద ఎత్తున లోపలికి ప్రవహించడం మొదటిది. ఈ వెలుగు వారాలు, నెలలు సాగుతుంది. న్యూట్రాన్ నక్షత్రపు ఉపరితలం మీద పేరుకున్న వాయువులో కేంద్రక సంలీనం ఒక్కసారిగా రగుల్కోవడం రెండవది. ఈ వెలుగు సాధారణంగా కొన్ని సెకన్లలో పతాకస్థాయికి చేరి, కొన్ని పదుల సెకన్లలో చల్లారుతుంది. ఈ వ్యాసంలో మొదటి దానిని ‘పొంగు’ అనీ, రెండవ దానిని ‘పేలుడు’ అనీ వ్యవహరించడం జరుగుతుంది. ఈ మాటలనే ఎంచుకోవడానికి కారణం ఏడవ భాగంలో తెలుస్తుంది.

2. నేపథ్యం: 1962–1968

భూవాతావరణం ఎక్స్ కిరణాలను నేలకు చేరనివ్వదు. అందువల్ల ఈ శాస్త్రం రాకెట్లతోనే మొదలైంది. 1962 జూన్ 18న అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం, వైట్ శాండ్స్ నుంచి రికార్డో జియాకోనీ, హెర్బర్ట్ గుర్‌స్కీ, ఫ్రాంక్ పావొలీనీ, బ్రూనో రోసీల బృందం ఒక ఏరోబీ రాకెట్‌ను ప్రయోగించింది. సూర్యకాంతి తాకిడికి చంద్రుడి ఉపరితలం నుంచి వెలువడే ఎక్స్ కిరణాలను పట్టుకోవడం ఆ ప్రయోగం లక్ష్యం. రాకెట్ వాతావరణానికి పైన ఉన్నది ఆరు నిమిషాల లోపే. చంద్రుడి సంగతి తేలలేదు గానీ, వృశ్చిక రాశి దిశ నుంచి ఎవరూ ఊహించనంత బలమైన ఎక్స్ కిరణాలు నమోదయ్యాయి. ఆ మూలానికి తర్వాత స్కో ఎక్స్-1 అనే పేరు స్థిరపడింది. ఈ రంగానికి వేసిన పునాదికి గాను జియాకోనీ 2002లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

అంత శక్తి ఎక్కడి నుంచి వస్తున్నదన్న ప్రశ్నకు 1967లో సోవియట్ శాస్త్రవేత్త అయోసిఫ్ ష్క్‌లోవ్‌స్కీ ఒక సమాధానం ప్రతిపాదించారు. స్కో ఎక్స్-1 జంట నక్షత్రాల వ్యవస్థ అనీ, అందులో ఒకటైన న్యూట్రాన్ నక్షత్రం మీదికి రెండవ దాని వాయువు పడుతున్నదనీ ఆయన అభిప్రాయం. న్యూట్రాన్ నక్షత్రం అనే భావనను వాల్టర్ బాడె, ఫ్రిట్జ్ జ్వికీలు 1930లలోనే ముందుకు తెచ్చినా, అప్పటికి అది కాగితం మీది వస్తువు మాత్రమే. అదే 1967లో జోస్లిన్ బెల్, ఆంటొనీ హ్యూయిష్‌లు కేంబ్రిడ్జ్ సమీపంలో పల్సార్లను కనుగొన్న తర్వాతనే న్యూట్రాన్ నక్షత్రం ఉనికిపై నమ్మకం కుదరడం మొదలైంది.

అదే ఏడాది దక్షిణార్ధగోళంలో మరో వింత బయటపడింది. ఆస్ట్రేలియాలోని వూమెరా నుంచి ప్రయోగించిన రాకెట్లు సెంటారస్ నక్షత్రమండలం దిశలో అంతకుముందు లేని ఒక బలమైన ఎక్స్ కిరణ మూలాన్ని చూశాయి. సెన్ ఎక్స్-2 అనే ఆ మూలం కొద్ది నెలల్లో మసకబారింది. లేని చోట వెలిగి క్రమంగా ఆరిపోయే ఎక్స్ కిరణ మూలాలు ఉన్నాయని దానితో తెలిసింది. దృగ్గోచర కాంతిలో అలా వెలిగే తారలకు శతాబ్దాలుగా ‘నోవా’ అనే పేరుంది. కొత్త మూలాన్ని కూడా ఆ పోలికతోనే అర్థం చేసుకోవడం సహజంగా జరిగిపోయింది. తర్వాతి చరిత్రపై ఈ పోలిక ప్రభావం చిన్నది కాదు.

3. 1969 జులై: రెండు రోజుల తేడాలో రెండు ఘటనలు

1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ పాక్షిక అణుపరీక్షల నిషేధ ఒప్పందంపై సంతకాలు చేశాయి. వాతావరణంలో, అంతరిక్షంలో, నీటి అడుగున అణుపరీక్షలు జరపరాదన్నది దాని సారాంశం. ఒప్పందాన్ని ఎవరైనా ఉల్లంఘిస్తే పసిగట్టడానికి అమెరికా వేలా అనే ఉపగ్రహాలను జంటలు జంటలుగా పంపింది. అంతరిక్షంలో అణుబాంబు పేలితే ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు వెలువడతాయి కాబట్టి, వాటిని పట్టే పరికరాలను ఆ ఉపగ్రహాలలో అమర్చారు. 1969 మే 23న ప్రయోగించిన వేలా 5ఎ, వేలా 5బి ఉపగ్రహాలలో ఆకాశంలోని ఎక్స్ కిరణ మూలాలను గమనించే పరికరం కూడా ఉంది. లక్ష కిలోమీటర్లకు మించిన ఎత్తులో తిరుగుతూ, 64 సెకన్లకు ఒకసారి తమ చుట్టూ తాము తిరుగుతూ, అవి ఆకాశాన్ని గాలించేవి.

1969 జులై 9న లాస్ అలమోస్ శాస్త్రవేత్తలు కానర్, ఎవాన్స్, బెలియన్‌ల బృందానికి వేలా దత్తాంశాలలో సెంటారస్ దిశలో ఒక కొత్త మూలం కనిపించింది. కొద్ది రోజుల్లోనే అది స్కో ఎక్స్-1ను మించిన వెలుగుకు చేరి, వారాల తరబడి వెలిగి, క్రమంగా ఆరిపోయింది. దానికి సెన్ ఎక్స్-4 అని పేరు. ఆ సంవత్సరమే ఆ వివరాలు ప్రచురితమయ్యాయి.

అయితే ఆ దత్తాంశాలలో మరొక సంగతి ఉంది. కొత్త మూలం కనిపించడానికి రెండు రోజుల ముందు, జులై 7న, అదే దిశ నుంచి సుమారు పది నిమిషాల పాటు తీవ్రమైన ఎక్స్ కిరణాలు వెలువడి ఆగిపోయాయి. ఈ ఘటనను అదే బృందం 1972లో ప్రచురించింది. అది కొత్త మూలం రాకకు ముందస్తు సూచన అని భావించింది. రాబోయే పెద్ద వెలుగుకు అది తొలి అంకం అన్నమాట. ఆనాటి దృష్టికి ఆ రెండూ ఒకే కథలోని భాగాలు.

నిజానికి అవి రెండు వేర్వేరు కథలు. జులై 9 నుంచి సాగినది పొంగు. జులై 7న జరిగినది పేలుడు. మొదటిదానికి మూలం నక్షత్రం చుట్టూ ఉన్న చక్రం, రెండవదానికి మూలం నక్షత్రపు ఉపరితలం. నాలుగు దశాబ్దాల తర్వాత, 2009లో కౌల్కర్స్ బృందం వేలా దత్తాంశాలను తిరిగి పరిశీలించి, ఆ పేలుడు పతాకస్థాయిలో క్రాబ్ నెబ్యులా ఎక్స్ కిరణ ప్రకాశానికి ఇంచుమించు 60 రెట్లు వెలిగిందని అంచనా వేసింది. మానవ పరికరాలలో నమోదైన మొట్టమొదటి ఎక్స్ కిరణ పేలుడు ఈ కోవలో అత్యంత ప్రకాశవంతమైన వాటిలో ఒకటి. అయినా దాన్ని చూసిన కాలంలో దానికి విడిగా పేరు లేదు.

4. గుర్తింపు ఆలస్యానికి కారణాలు

ఈ ఆలస్యాన్ని ఆనాటి శాస్త్రవేత్తల అశ్రద్ధగా భావించడం పొరపాటు. ఇందుకు కనీసం మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది పరికరం. వేలా ఉపగ్రహం 64 సెకన్లకు ఒకసారి తిరుగుతుంది. దాని పరికరపు చూపు ఆకాశంలో కొద్ది డిగ్రీల మేర మాత్రమే. అంటే ఒక మూలం మీద చూపు నిలిచేది ప్రతి చుట్టులోనూ ఇంచుమించు ఒక సెకను. పది సెకన్లలో ముగిసే మామూలు పేలుడు ఆ లెక్కన అసలు కనిపించకపోవచ్చు, కనిపించినా ఒకే ఒక్క బిందువుగా మిగులుతుంది. అటువంటి ఒంటరి బిందువును పరికర దోషంగా తీసివేయడమే సాధారణ పద్ధతి. పది నిమిషాలు సాగడం వల్లనే సెన్ ఎక్స్-4 పేలుడు నిలబడగలిగింది. పేలుళ్లలో అంత దీర్ఘమైనవి అరుదు.

రెండవది సిద్ధాంతం. ఎక్స్ కిరణ మూలాలలో ఉన్నది న్యూట్రాన్ నక్షత్రమేనని 1969 నాటికి రుజువు కాలేదు. 1970 డిసెంబర్ 12న కెన్యా తీరంలోని సాన్ మార్కో వేదిక నుంచి ప్రయోగించిన ఉహురు ఉపగ్రహం ఈ లోటును తీర్చింది. సెన్ ఎక్స్-3 అనే మూలం 4.8 సెకన్లకు ఒకసారి మిణుకుమంటున్నదని, 2.1 రోజులకు ఒకసారి తన జంట నక్షత్రం వెనక్కి వెళ్లి కనుమరుగవుతున్నదని 1971–72లలో తేలింది. న్యూట్రాన్ నక్షత్రం, జంట నక్షత్రం, వాటి మధ్య వాయు ప్రవాహం అన్న ష్క్‌లోవ్‌స్కీ చిత్రం అప్పటికి గట్టిపడింది.

మూడవది భావన. ‘కొత్తగా వెలిగినది’ అనే ఒకే కోవ అందుబాటులో ఉన్నప్పుడు, చూసిన ప్రతి హఠాత్ వెలుగూ అందులోకే చేరుతుంది. జులై 7 ఘటన జులై 9 ఘటనకు అనుబంధమయింది. రెండింటికీ వేర్వేరు కారణాలు ఉండవచ్చునన్న ప్రశ్న వేయడానికే చోటు లేకపోయింది. మొదటి రెండు కారణాలు లేకుండా ఈ మూడవది ఒక్కటే ఆరేళ్ల ఆలస్యానికి చాలదు. కానీ దత్తాంశం చేతిలో ఉండి కూడా 1972లో ఆ ప్రశ్న ఉదయించకపోవడానికి వివరణ ఇక్కడే దొరుకుతుంది.

5. 1975–1977: గుర్తింపు, అపమార్గం, వివరణ

1974 ఆగస్టు 30న నెదర్లాండ్స్ తన తొలి ఉపగ్రహం ఏఎన్ఎస్‌ను అంతరిక్షంలోకి పంపింది. 1975 సెప్టెంబర్ 28న అది ధనుస్సు దిశలోని ఎన్‌జీసీ 6624 అనే గోళాకార తారాగుచ్ఛాన్ని గమనిస్తున్నప్పుడు, అందులోని మూలం నుంచి రెండు పేలుళ్లు నమోదయ్యాయి. ఈనాడు 4యు 1820-30గా వ్యవహరిస్తున్న మూలం అది. ఒక సెకను లోపే వెలుగు పెరగడం, కొన్ని సెకన్లలో తగ్గిపోవడం స్పష్టంగా కనిపించాయి. అమెరికాకు చెందిన జోనథన్ గ్రైండ్‌లే, నెదర్లాండ్స్‌కు చెందిన జాన్ హైసె ఆ దత్తాంశాలలో వీటిని గుర్తించి ప్రకటించారు. ఇంచుమించు అదే సమయంలో బెలియన్, కానర్, ఎవాన్స్‌లు తమ పాత వేలా దత్తాంశాలను తిరగేసి, నార్మా నక్షత్రమండలం దిశ నుంచి వచ్చిన ఇటువంటి పేలుళ్లను స్వతంత్రంగా కనుగొని 1976లో ప్రచురించారు. ఏమి వెతకాలో తెలిసిన తర్వాత, ఏళ్ల నాటి దత్తాంశాలు సైతం కొత్త సంగతులు చెప్పాయన్నది ఇక్కడ గమనార్హం.

పేరు దొరికింది గాని కారణం దొరకలేదు. మొదటి పేలుడు గోళాకార తారాగుచ్ఛంలో కనిపించడం వల్ల ఆలోచన ఒక పక్కదారి పట్టింది. అటువంటి గుచ్ఛాల నడుమ భారీ కృష్ణబిలాలు ఉండవచ్చునన్న ఊహ 1975 నాటికే చర్చలో ఉంది. 1976లో గ్రైండ్‌లే, గుర్‌స్కీలు, సూర్యుడికి కొన్ని వందల రెట్ల ద్రవ్యరాశి గల కృష్ణబిలం చుట్టూ ఉన్న వేడి వాయువులో ఎక్స్ కిరణాలు చెదిరి ఆలస్యంగా బయటపడడమే పేలుడు రూపానికి కారణమని ప్రతిపాదించారు. తారాగుచ్ఛాలతో సంబంధం లేని చోట్ల కూడా పేలుళ్లు కనిపించడం మొదలయ్యాక ఈ వాదం బలహీనపడింది. కనుగొన్న వారి తొలి వివరణ నిలవకపోవడం వారి గుర్తింపు విలువను తగ్గించదు.

సరైన వివరణకు కావలసిన లెక్క అప్పటికే సిద్ధంగా ఉండడం ఈ చరిత్రలో మరో విశేషం. 1975లో, అంటే గ్రైండ్‌లే, హైసెల ప్రకటనకు ముందే, హాన్సెన్, వాన్ హార్న్‌లు న్యూట్రాన్ నక్షత్రం మీద పేరుకునే వాయువు పొరలో కేంద్రక సంలీనం నిలకడగా సాగదని, అస్థిరమవుతుందని గణించి చూపారు. 1976లో వూస్లీ, టామ్‌లు, ఆ వెనువెంటనే మరాస్కీ, కవలియెరేలు అటువంటి అస్థిరత వల్ల పేలుడు సంభవించగలదని వాదించారు. 1977–78లలో పాల్ జాస్ హీలియం రగుల్కోవడాన్ని ఆధారం చేసుకుని దానికి పూర్తి రూపం ఇచ్చారు.

ఆ లెక్కలోని కీలకాంశం సులువుగానే అర్థమవుతుంది. జంట నక్షత్రం నుంచి వచ్చిన వాయువు న్యూట్రాన్ నక్షత్రం మీద పడినప్పుడు, ఒక్కొక్క కేంద్రకకణానికి సుమారు 200 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గురుత్వాకర్షణ వల్ల విడుదలవుతుంది. అదే వాయువులోని హైడ్రోజన్ హీలియంగా మారితే దక్కేది సుమారు 7. హీలియం ఇంకా బరువైన మూలకాలుగా మారితే దక్కేది 2 కంటే తక్కువ. ఈ సంలీనం నిదానంగా సాగితే ఆ శక్తి పతనశక్తి వెలుగులో కలిసిపోతుంది, దాన్ని విడిగా గుర్తించడం అసాధ్యం. గంటల తరబడి పేరుకున్న ఇంధనం కొన్ని సెకన్లలో దహనమైతేనే అది పైకి కనిపిస్తుంది. అటువంటి పేలుడులో సూర్యుడు రెండు మూడు రోజుల్లో వెలువరించేంత శక్తి పది సెకన్లలో బయటికి వస్తుంది.

ఇక్కడి నుంచి పరీక్షించదగిన ఒక నిష్పత్తి ఏర్పడింది. రెండు పేలుళ్ల నడుమ నిలకడగా వెలువడిన శక్తిని పేలుడులో వెలువడిన శక్తితో భాగిస్తే, ఇంధనం స్వభావాన్ని బట్టి కొన్ని పదుల నుంచి నూరుకు పైగా రావాలి. చాలా మూలాలలో పరిశీలన ఈ అంచనాతో సరిపోయింది. అంతేకాక, పేలుడు తగ్గుముఖం పట్టే కొద్దీ ఉపరితలం చల్లబడుతున్న గుర్తులు వర్ణపటంలో కనిపించాయి. ఆ చల్లబడే వస్తువు వ్యాసార్ధం ఇంచుమించు పది కిలోమీటర్లని 1977–78ల నాటి లెక్కలు చూపాయి. కృష్ణబిలానికి రగిలే ఉపరితలం ఉండదు. అందువల్ల పేలుడు కనిపించిన చోట ఉన్నది న్యూట్రాన్ నక్షత్రమే అన్నది ఒక గీటురాయిగా స్థిరపడింది.

6. 1976–1979: కారణాన్ని బట్టి వర్గీకరణ

ఈ వివరణ కుదురుకుంటున్న సమయంలోనే దాన్ని చిక్కులో పడవేసే మూలం ఒకటి బయటపడింది. 1976 మార్చిలో ఎంఐటీకి చెందిన వాల్టర్ లెవిన్ బృందం శాస్-3 ఉపగ్రహంతో, వెంట వెంటనే పేలే ఒక మూలాన్ని కనుగొంది. రాపిడ్ బర్స్టర్ అని దానికి పేరు. అందులో ఒక్కొక్కప్పుడు కొన్ని సెకన్ల వ్యవధిలోనే వెలుగు మళ్లీ మళ్లీ ఎగసిపడేది. వెలుగు ఎంత పెద్దదైతే, తర్వాతి దానికి అంత ఎక్కువ సేపు వేచి ఉండవలసి వచ్చేది. కొన్ని సెకన్లలో అంత ఇంధనం పేరుకోవడం అసాధ్యం. దీన్ని సంలీనంతో వివరించలేకపోతే, మిగతా పేలుళ్లకు ఇచ్చిన వివరణ కూడా సందేహాస్పదమే కదా అన్న ప్రశ్న తలెత్తింది.

ఈ చిక్కును హాఫ్‌మన్, మార్షల్, లెవిన్‌లు 1978లో విప్పారు. రాపిడ్ బర్స్టర్‌లో రెండు రకాల వెలుగులు ఒకదానితో ఒకటి కలగలిసి ఉన్నాయని వారు చూపారు. తరచుగా వచ్చే వాటిలో చల్లబడే గుర్తులు స్పష్టంగా లేవు. గంటల వ్యవధితో అరుదుగా వచ్చే వాటిలో ఆ గుర్తులున్నాయి. తరచుగా వచ్చే వాటి మొత్తం శక్తి, అరుదుగా వచ్చే వాటి మొత్తం శక్తికి నూరు రెట్లకు మించి ఉంది. అంటే పతనశక్తికీ సంలీనశక్తికీ మధ్య ఉండవలసిన నిష్పత్తే ఒకే నక్షత్రంలో ప్రత్యక్షమైంది. సంలీనం వల్ల వచ్చేవి మొదటి రకమని, వాయు ప్రవాహం ఆగి ఆగి పడడం వల్ల వచ్చేవి రెండవ రకమని వారు వర్గీకరించారు. వ్యవధి రెండింటికీ సెకన్లే. కారణం మాత్రం వేరు. అంతవరకు చూపుకు కనిపించే రూపాన్ని బట్టి సాగిన వర్గీకరణ ఇక్కడ కారణాన్ని బట్టి జరగడం మొదలైంది.

సెన్ ఎక్స్-4 కథకు కూడా అనతికాలంలోనే ముగింపు దొరికింది. 1979 మేలో అది మళ్లీ పొంగింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ప్రయోగించిన జపాన్ ఉపగ్రహం హకుచో, ఆ పొంగు తగ్గుతున్న దశలో ఒక పేలుడును నమోదు చేసింది. దృగ్గోచర కాంతిలో జంట నక్షత్రం కూడా అప్పుడే దొరికింది. అక్కడ ఉన్నది న్యూట్రాన్ నక్షత్రమని దానితో తేలింది. పదేళ్ల కిందటి జులై 7 నాటి పది నిమిషాల వెలుగుకు దాని అసలు పేరు అప్పటికి దక్కింది.

7. భారతీయ ప్రయత్నాలు, తెలుగు పదాలు

ఈ కాలంలోనే భారతదేశంలోనూ ఎక్స్ కిరణ ఖగోళశాస్త్రం రూపుదిద్దుకుంది. అందులో హైదరాబాద్‌కు ప్రత్యేక స్థానం ఉంది. టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1960ల చివరి నుంచి హైదరాబాద్ నుంచి బెలూన్లను ఎగరవేసి స్కో ఎక్స్-1 వంటి మూలాలను పరిశీలించారు. అయితే బెలూన్ చేరే ఎత్తులో కూడా మిగిలి ఉండే పలుచని వాతావరణం, ఇరవై కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడిన తీవ్ర కిరణాలను మాత్రమే రానిస్తుంది. పేలుడు శక్తిలో అధికభాగం అంతకంటే తక్కువ శక్తి గల కిరణాలలో ఉంటుంది. కాబట్టి పేలుళ్లను పట్టడానికి ఉపగ్రహం తప్పనిసరి. 1975 ఏప్రిల్ 19న ప్రయోగించిన ఆర్యభట ఉపగ్రహంలో ఎక్స్ కిరణ పరికరం ఉన్నా, విద్యుత్ సరఫరాలో లోపం వల్ల కొద్ది రోజుల్లోనే ప్రయోగాలు ఆగిపోయాయి. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ బయలుదేరింది. ఏఎన్ఎస్ ఆ రెండు పేలుళ్లను నమోదు చేసి ఆనాటికి సరిగ్గా నలభై ఏళ్లు కావడం యాదృచ్ఛికమే. ఆస్ట్రోశాట్‌లోని ఎల్ఏఎక్స్‌పీసీ పరికరం 4యు 1728-34 అనే మూలపు పేలుడులో సెకనుకు 363 సార్లు వచ్చే కంపనాన్ని పట్టుకుంది. 1996లో అమెరికన్ ఉపగ్రహం ఆర్ఎక్స్‌టీఈ అదే మూలంలో ఈ కంపనాన్ని కనుగొంది. న్యూట్రాన్ నక్షత్రం తన చుట్టూ తాను తిరిగే వేగానికి అది గుర్తు.

తెలుగు నేల మీది నుంచి సాగుతున్న ఈ శాస్త్రాన్ని తెలుగులో చెప్పేటప్పుడు పదాల ఎంపిక మొదటి సమస్య అవుతుంది. ‘విస్ఫోటనం’ అనే మాటను బాంబుకు, అగ్నిపర్వతానికి, సూపర్నోవాకు, జనాభా పెరుగుదలకు కూడా వాడుతున్నాం. న్యూట్రాన్ నక్షత్రపు రెండు వెలుగులకూ అదే మాట వాడితే 1969 నాటి గందరగోళాన్ని తెలుగులో తిరిగి సృష్టించినట్లే. ‘స్ఫోటం’ అందామంటే వ్యాకరణశాస్త్రంలో, అలంకారశాస్త్ర చర్చలలో దానికి స్థిరమైన అర్థం ఉంది. ‘స్ఫోటకం’ మశూచి వ్యాధికి పేరు.

ఈ రెండు వెలుగుల తేడాను చూపడానికి అచ్చతెలుగు మాటలు రెండు సిద్ధంగా ఉన్నాయి. పొంగేది ప్రవాహం. ఏరు పొంగినా, పాలు పొంగినా, నిండిన పదార్థం హద్దు దాటడమే అక్కడి సారం. పేలేది పదార్థంలో దాగిన శక్తి. టపాకాయ, మందుపాతర అందుకు ఉదాహరణలు. చక్రంలో నిండిన వాయువు హద్దు దాటి పడడం పొంగు. ఉపరితలం మీది ఇంధనం రగుల్కోవడం పేలుడు. ఈ జంట పదాలతో మరో ప్రయోజనం ఉంది. ఇంగ్లీషు వాడుకలో రాపిడ్ బర్స్టర్ వెలుగులు రెండింటికీ ఒకే మాట ఉండి, వాటిని ఒకటి, రెండు అనే అంకెలతో వేరుచేయవలసి వచ్చింది. తెలుగులో మొదటి రకాన్ని పేలుడు అనీ, వాయుపతనం వల్ల వచ్చే రెండవ రకాన్ని చిరుపొంగు అనీ అంటే, కారణం పేరులోనే తెలుస్తుంది. ప్రవాహం ఎందుకు అస్థిరమవుతుందన్న సూక్ష్మ వివరాలు పొంగుకూ చిరుపొంగుకూ ఒకటి కాకపోయినా, రెండింటి శక్తీ పతనశక్తే కాబట్టి ఈ చుట్టరికం సమంజసమే.

8. ముగింపు

పై చర్చ నుంచి ఈ కింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. ఎక్స్ కిరణ పేలుడును ఎవరు కనుగొన్నారన్న ప్రశ్నకు ఒక్క పేరుతో సమాధానం చెప్పడం సరికాదు. వేలా బృందం నమోదు చేసింది. గ్రైండ్‌లే, హైసెలు గుర్తించారు. హాన్సెన్, వాన్ హార్న్‌ల నుంచి జాస్ వరకు పలువురు వివరించారు. హాఫ్‌మన్, మార్షల్, లెవిన్‌లు వర్గీకరించారు. నమోదు, గుర్తింపు, వివరణ, వర్గీకరణ అనే ఈ నాలుగు దశలు ఎప్పుడూ ఇదే వరుసలో రావు. ఇక్కడ వివరణకు కావలసిన లెక్క గుర్తింపు కంటే ముందే సిద్ధమైంది.

2. 1969 జులైలో ఒకే నక్షత్రం రెండు రోజుల తేడాతో తన రెండు రకాల వెలుగులనూ చూపింది. వాటిని ఒకే కోవలో చేర్చడం వల్ల పేలుడు పొంగుకు అనుబంధంగా మిగిలిపోయింది. పరికరాల పరిమితి ఎంత కారణమో, కోవల కొరత కూడా అంత కారణం.

3. పాత దత్తాంశాలకు పరిశోధన విలువ తరగదు. వేలా దత్తాంశాలు 1972లో ఒకటి చెప్పాయి, 1976లో మరొకటి చెప్పాయి, 2009లో ఇంకొకటి చెప్పాయి. దత్తాంశం మారలేదు. దాన్ని అడిగిన ప్రశ్న మారింది.

4. తెలుగులో శాస్త్ర రచన చేసేవారు పారిభాషిక పదాన్ని ఇంగ్లీషు మాటకు సమానార్థకంగా కాక, ఘటన కారణాన్ని చూసి ఎంచుకోవడం మేలు. కారణాలు వేరైన చోట పేర్లు వేరుగా ఉండాలి. సెన్ ఎక్స్-4 పేలుడు తన పేరు కోసం పదేళ్లు నిరీక్షించిన తీరు ఈ అవసరాన్ని స్పష్టం చేస్తుంది.